డ్రయర్ వెనక చిన్న రాగి పట్టీ

అమెరికాలో బట్టలారబెట్టే డ్రయర్ కొంటే కరెంటు కార్డు సాధారణంగా దాంతోపాటు రాదు, విడిగా కొనుక్కోవాలి. పాత ఇళ్లలో డ్రయర్ సాకెట్టుకు మూడు రంధ్రాలుంటే, కొత్త ఇళ్లలో నాలుగుంటాయి. ఇల్లు మారితే ప్లగ్గు పట్టకపోవచ్చు, అప్పుడు కార్డు మార్చాలి. సాకెట్టులో పట్టే ప్లగ్గు తెచ్చి బిగిస్తే పని అయిపోయిందనుకోవడంలోనే ప్రాణాపాయం ఉంది. మన దగ్గర నుంచి వెళ్లినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మన త్రీ పిన్ ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఎర్తు. అమెరికా డ్రయర్ల పాత ప్లగ్గులో మూడో పిన్ను న్యూట్రల్. ఎర్తుకు అందులో చోటే లేదు.

అక్కడి ఇళ్లకు రెండు లైవ్ తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఏ లైవ్ తీగకైనా న్యూట్రల్‌తో 120 వోల్టులు, లైవ్ తీగలు రెండింటి మధ్య 240 వోల్టులు ఉంటాయి. డ్రయర్ హీటరు 240 మీద పనిచేస్తూ 22 ఆంపియర్ల దాకా లాగుతుంది. డ్రమ్మును తిప్పే మోటారుకు 120 చాలు. దాని కరెంటు న్యూట్రల్ గుండా వెనక్కి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం విద్యుత్ పొయ్యిలకు ఒక సడలింపు ఇచ్చారు: ఎర్తు తీగ వేరే లాగకుండా ఇనుప బాడీని న్యూట్రల్‌కే కలపవచ్చన్నారు. తర్వాత అది డ్రయర్లకూ వచ్చింది. కార్డు బిగించే చోట న్యూట్రల్ టెర్మినల్‌ను బాడీకి కలిపే చిన్న రాగి పట్టీ (కొన్నింటిలో వైరు) ఆ సడలింపు గుర్తే. 1996 నాటి జాతీయ విద్యుత్ కోడ్ కొత్త వైరింగుకు దాన్ని రద్దుచేసి నాలుగో తీగను తప్పనిసరి చేసింది.

దశాబ్దాల పాటు లక్షల ఇళ్లలో మూడు తీగలతోనే నడిచాయి కదా అని అడగవచ్చు. నడిచాయి, న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం. కార్డులోనో సాకెట్టులోనో న్యూట్రల్ ఊడిందనుకోండి. మోటారు తిరగదు. మీట నొక్కగానే లైవ్ కరెంటు మోటారు చుట్టల గుండా న్యూట్రల్ టెర్మినల్‌కు, పట్టీ మీదుగా బాడీకి చేరి అక్కడ కాచుకుని ఉంటుంది. డ్రయర్ పాడైందనుకుని ఒక చెయ్యి దాని మీద, మరో చెయ్యి పక్కనున్న, ఎర్తు ఉన్న వాషింగ్ మెషీన్ మీద వేసిన మనిషే ఆ కరెంటుకు దారి. ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే 120 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. గుండె లయ తప్పడానికి అది చాలు; 30 ఆంపియర్ల బ్రేకరు మాత్రం కదలదు.

న్యూట్రల్, ఎర్తు మెయిన్ ప్యానెల్లో ఎలాగూ కలుస్తున్నప్పుడు, నాలుగు తీగల కార్డు వేశాక పట్టీ ఉంటేనేం అన్నది ఇంకో ప్రశ్న. చూడటానికి బలమైన వాదనే. కానీ అవి ఆ ఒక్క చోటే కలవాలి. డ్రయర్ దగ్గర కూడా కలిస్తే మోటారు కరెంటు రెండుగా చీలి, మామూలప్పుడు ఖాళీగా ఉండాల్సిన ఎర్తు తీగలోనూ పారుతుంది. న్యూట్రల్ ఊడినా ఎర్తు మీద మోటారు నడుస్తూనే ఉంటుంది కనుక లోపం ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎర్తు కూడా వదులైతే బాడీకి మళ్లీ కరెంటే. అందుకే నాలుగు తీగల కార్డుకు పట్టీ తీసెయ్యాలి, ఆకుపచ్చ ఎర్తు తీగను నేరుగా బాడీకి బిగించాలి. మూడు తీగలకు పట్టీ ఉండి తీరాలి. లేకపోతే తెగిన హీటరు చుట్ట బాడీని తాకినా బ్రేకరు పడే దారి ఉండదు. ఎర్తు తీగ లేని గోడకు నాలుగు రంధ్రాల సాకెట్టు బిగించి ఊరుకున్నా ఇదే గతి.

ఇక స్క్రూల బిగువు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వదులైన టెర్మినల్ దగ్గర నిరోధం పదోవంతు ఓమే అయినా, 22 ఆంపియర్లకు దాదాపు 48 వాట్ల వేడి ఆ ఒక్క చుక్కలో పుడుతుంది. టెర్మినల్ నల్లబడి కరగడానికి వేరే కారణం అక్కర్లేదు. కార్డును లాగినా ఆ భారం స్క్రూల మీద పడకుండా బాడీ రంధ్రం దగ్గర క్లాంపు తప్పక వెయ్యాలి. అంతా అయ్యాక, ప్లగ్గును గోడకు పెట్టకముందే, మల్టీమీటరుతో న్యూట్రల్ పిన్నుకూ బాడీకీ మధ్య చూడాలి: మూడు తీగల కార్డయితే మీటరు మోగాలి, నాలుగు తీగలదైతే మోగకూడదు.