మతిమరుపు వయసు వల్లేనా? ఆరు అంకెల్లో అసలు సంగతి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో పెద్దమనిషి పింఛను తెచ్చుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ బ్యాంకుకు బయల్దేరితే, ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ముసలితనం గదా, గట్లనే ఉంటది." ఆ మాటతో ఆసుపత్రి ఆలోచన ఆగిపోతుంది. మందుతో తగ్గిపోయే మతిమరుపు కూడా అలాగే ముదిరిపోతుంది.

7.4 శాతం

దేశంలో 60 ఏళ్లు, ఆపై వయసువాళ్లలో డిమెన్షియా (మరుపు ముదిరి రోజువారీ పనులకు అడ్డొచ్చే జబ్బు) ఉన్నవాళ్ల వాటా ఇది. 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా ప్రకారం వాళ్లు 88 లక్షల మంది. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4. మగవాళ్లలో 5.8 శాతమైతే ఆడవాళ్లలో 9. ఇదే లెక్కను తిరగేసి చూడండి: నూటికి 92 మంది పెద్దలకు ఈ జబ్బు లేదు. వయసు ముప్పును పెంచుతుంది, నిజమే. కానీ వయసే జబ్బు కాదు.

తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తు రాకపోవడం ఎవరికైనా ఉన్నదే. రోజూ నడిచే పొలం దారిలో తప్పిపోవడం, ఇరవై ఏళ్లుగా వండుతున్న పప్పుచారు ఎలా చేయాలో తోచకపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం మాత్రం డాక్టరుకు చెప్పాల్సిన సంగతులు.

60–70 శాతం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డిమెన్షియా కేసుల్లో ఇంత వాటా అల్జీమర్స్‌దే. మిగతావాటిలో ముఖ్యమైనది మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది. బీపీ, షుగర్ అదుపు తప్పినవాళ్లకు చిన్న చిన్న పక్షవాతాలు పైకి తెలియకుండానే వచ్చి జ్ఞాపకశక్తిని తినేస్తాయి. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కాబట్టే ఆ పేరు పెట్టేముందు మిగతా కారణాలన్నీ వెతకాలి.

200

రక్తంలో విటమిన్ బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే సాధారణంగా లోపం కింద లెక్క. మాంసం, గుడ్డు, పాలు సరిగా అందనివాళ్లకు, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు ఈ లోపం రావచ్చు. మరుపుతో పాటు కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం కనిపిస్తాయి. ఇంజెక్షన్లతో చాలావరకు సరిచేయవచ్చు, ఆలస్యం కాకుంటే.

ఈ కోవలోవి ఇంకా ఉన్నాయి: థైరాయిడ్ తగ్గడం, సోడియం పడిపోవడం, భార్యో భర్తో పోయాక పట్టుకునే డిప్రెషన్, మద్యం, నిద్రమాత్రలు, జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రలు. బాత్రూంలో జారిపడి తలకు తగిలిన దెబ్బ వల్ల కొన్ని వారాల తర్వాత మెదడు చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు. అది స్కాన్‌లో తెలుస్తుంది, ఆపరేషన్‌తో తీసేయవచ్చు.

30కి 24

ప్రపంచమంతటా వాడే ఎంఎంఎస్‌ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షకు 30 మార్కులు. 24 కంటే తగ్గితే అనుమానిస్తారు. చిక్కంతా ఇక్కడే. అందులో వందలోంచి ఏడేడు తీసివేస్తూ పోవడానికి 5 మార్కులు, చదవడానికి 1, రాయడానికి 1, బొమ్మ చూసి గీయడానికి 1. బడి ముఖం చూడని మనిషి ఈ ఎనిమిదీ పోగొట్టుకుంటే, మరుపు ఏమీ లేకపోయినా మిగిలేవి 22. తేదీ అడిగితే తడబడి, అమావాస్యకు ఎన్ని రోజులుందో ఠక్కున చెప్పే అవ్వలు మనకు కొత్త కాదు. అందుకే చదువురానివాళ్లకు తగ్గట్టు మార్చిన పరీక్ష కావాలి. ఏసీఈ-3 లాంటి పరీక్షలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నాయి. పెద్దమనిషి ఎంతవరకు చదివారో డాక్టరుకు ముందే చెప్పాలి.

4.5 ఏళ్లు

హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చినవాళ్లలో 65.6 ఏళ్లకు మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో ప్రచురితమైన ఈ అధ్యయనం ప్రపంచం దృష్టికి వచ్చింది. అయితే భాషలు జబ్బును ఆపుతాయని దీనర్థం కాదు, ఆలస్యం చేస్తుండవచ్చని మాత్రమే.

45 శాతం

చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, బీపీ, షుగర్, కొలెస్టరాల్, పొగతాగడం, ఒంటరితనం వంటి 14 ముప్పులను అరికడితే దాదాపు ఇన్ని కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. చెవి మిషన్, శుక్లాల ఆపరేషన్ కూడా మెదడును కాపాడే పనులే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట నగరానికి పరుగెత్తక్కర్లేదు. దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగర్ చూపించి, థైరాయిడ్, సోడియం, బి12 పరీక్షల గురించి అడగండి. అక్కడ తేలకపోతే న్యూరాలజీ డాక్టరు. నిమ్స్‌కైతే సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీ నగర్ చేరి, మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగవచ్చు. వాడుతున్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకోండి. రోజూ కూడా ఉండే మనిషే వెంట వెళ్లాలి. మరుపు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడైనా పడ్డారా అన్నవి చెప్పగలిగేది వాళ్లే.

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, రోజుల్లో అయోమయంలో పడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.