బ్రేక్ ఆయిల్‌లో ఆయిల్ ఉండదు

మెకానిక్ షెడ్డులో దాన్ని బ్రేక్ ఫ్లూయిడ్ అనేవాళ్లు తక్కువ. ‘బ్రేక్ ఆయిల్’ అంటేనే స్పేర్‌పార్టుల దుకాణంలో కుర్రాడు చప్పున సీసా తీసి కౌంటర్ మీద పెడతాడు. పిలుపుదేముంది, ఏదో ఒక పేరుండాలి. చిక్కల్లా ఆ పేరును నమ్మి చేసే పనులతోనే. ఆ సీసాలో ఉన్నది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అని రాసి ఉండేవన్నీ గ్లైకాల్ జాతి ద్రవాలు. నీళ్లలో ఇట్టే కలిసిపోతాయి.

మామూలు బైకు మీద ఈ తేడా తెలియకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. బురదలోనూ గుట్టల మీదా తిరిగే నాలుగు చక్రాల బండి ఏటీవీ సంగతి అలా కాదు. హైదరాబాద్ శివార్లలోని అడ్వెంచర్ పార్కులో అద్దెకు తిరిగేదైనా, అమెరికాలో పొలం పనికి వాడేదైనా, దాని బతుకంతా బురదలోనే. సాయంత్రమయ్యేసరికి ప్రెషర్ పైపుతో కడిగేస్తారు. గుట్ట దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే దించాలి. వేడీ తేమా రెండూ బ్రేకుల మీదే పడే బండి ఇది.

‘ఆయిలే కదా’ అనుకోవడం వల్ల జరిగే మొదటి తప్పు, లెవెల్ తగ్గిందని నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ పోసేయడం. రెండో తప్పు ఇంకా మామూలు. విప్పిన మాస్టర్ సిలిండర్‌నీ క్యాలిపర్ పిస్టన్లనీ పెట్రోలు గిన్నెలో వేసి బ్రష్షుతో రుద్దుతారు. సామాను తళతళలాడుతుంది. కానీ లోపలి రబ్బరు సీళ్లు గ్లైకాల్ ద్రవానికి తగ్గట్టు తయారైనవి. పెట్రోలు, డీజిల్, కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్, వీటిలో ఏది తగిలినా ఉబ్బిపోతాయి. ఉబ్బిన సీలు పిస్టన్‌ను సరిగా వెనక్కి రానివ్వదు. లివర్ వదిలినా బ్రేకు వదలదు, డిస్కు కాలిపోతూ ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న గుర్తుంది. హ్యాండిల్ మీది బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత విప్పితే లోపల మడతలు మడతలుగా నల్లటి రబ్బరు డయాఫ్రం కనిపిస్తుంది. దాన్ని వేలితో తీసి, తిరిగి దాని గాడిలో కూర్చోబెట్టి చూడాలి. మునుపు అమిరినది ఇప్పుడు సాగి, అంచులు అలల్లా లేచి, గాడిలో ఇమడకపోతే లోపలికి నూనె చేరిందనే అనుమానించాలి. అప్పుడు కొత్త ఫ్లూయిడ్ పోసి పాతదాన్ని తోసేస్తే సరిపోదు. సీళ్లు, హోసులు, రబ్బరన్నది ఎక్కడుంటే అక్కడ మార్చాల్సిందే. నాలుగు చుక్కలకు అంత ఖర్చు! లోపలి సామాను కడగడానికి కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌నే వాడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ మరొకటుంది. ‘లివర్ రాయిలా ఉంది, ఇంకా మార్చడమెందుకు?’

ఇక్కడ రెండు పనులు కలిసిపోతున్నాయి. ఎయిర్ తీయడం వేరు, ఫ్లూయిడ్ మార్చడం వేరు. లైనులో గాలి చేరితే లివర్ స్పాంజిలా మెత్తబడుతుంది, ఆ సంగతి చేతికే తెలుస్తుంది. తేమ చేరితే చేతికి తెలియదు. నీరు కూడా ద్రవమే కాబట్టి నొక్కితే అణగదు. తేమ పట్టిన ఫ్లూయిడ్‌తోనూ షెడ్డు ముందు లివర్ గట్టిగానే ఉంటుంది.

ముసురు రోజుల్లో మూత సరిగా పెట్టని జాడీలో ఉప్పు చెమర్చినట్టే ఈ ద్రవం గాలిలోని తేమను లాక్కుంటుంది. మూత బిగించే ఉన్నా, రబ్బరు హోసుల్లోంచి కూడా కాస్త కాస్తగా చేరుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. పొడుగాటి దిగుడులో బ్రేకు పట్టుకునే దిగుతుంటే ప్యాడ్ల వేడి పిస్టన్ మీదుగా ఫ్లూయిడ్‌కు చేరుతుంది. అందులోని నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. ఆవిరి గాలిలాగే నొక్కితే అణుగుతుంది. లివర్ వచ్చి హ్యాండిల్‌కు ఆనుతుంది, బండి మాత్రం ఆగదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. కిందికి చేరి కాసేపు చల్లారాక ఆవిరి తిరిగి ద్రవమైపోతుంది, లివర్ మళ్లీ గట్టిపడుతుంది. బండిని షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ నాలుగుసార్లు నొక్కి చూసి ‘బాగానే ఉందిగా సార్’ అంటాడు. అతని చేతికి అందింది అబద్ధం కాదు, చల్లారిన తర్వాతి నిజం. అందుకే చాలా కంపెనీల మాన్యువళ్లు లివర్ ఎలా ఉన్నా రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చమంటాయి. యమహా అయితే హోసులను కూడా నాలుగేళ్లకు మార్చమంటుంది.

రంగును చూసి తేల్చేవాళ్లూ ఉన్నారు. నల్లబడితే పాతదే, అందులో అనుమానం లేదు. కానీ తేమకు రంగు లేదు. తేనె రంగులో నిగనిగలాడే ఫ్లూయిడ్‌లోనూ నీరు ఉండొచ్చు.

లెవెల్ తగ్గగానే పోసి నింపడం కూడా సేవ చేసినట్టు అనిపిస్తుందే గానీ, తగ్గడం వెనక కారణం ఒకటుంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనక ఖాళీని నింపడానికి ద్రవం కిందికి దిగుతుంది. అంటే తగ్గిన లెవెల్ ‘ప్యాడ్లు చూడు’ అని చెబుతోంది. ప్యాడ్లు బాగానే ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. పైపైన నింపేస్తే ఆ కబురు కాస్తా చెరిగిపోతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లను లోపలికి తోస్తే, పోసినదంతా పైకి పొంగి పెయింటు మీద పడుతుంది.

డాట్ అంకె పెరిగేకొద్దీ సరుకు మంచిదన్న లెక్క డాట్ 5 దగ్గర తిరగబడుతుంది. డాట్ 5 సిలికాన్. డాట్ 5.1 గ్లైకాల్. పేర్లలో ఒక్క చుక్కే తేడా, కానీ ఒకదానితో ఒకటి కలపకూడని జాతులు. ఈ పేర్లు పెట్టినవాళ్లకు మెకానిక్ షెడ్డు చూపించి ఉండాల్సింది. ‘సిలికాన్ నీటిని పీల్చదు కదా, బురదలో తిరిగే బండికి అదే మేలు’ అనే వాదన వినసొంపుగానే ఉంటుంది. పీల్చదు, నిజమే. కానీ లోపలికి చేరిన నీరు అందులో కరగక విడిగా ఉండిపోతుంది, అన్నిటికంటే కిందా అన్నిటికంటే వేడిగా ఉండే క్యాలిపర్‌లోకి దిగి కూర్చుంటుంది. అక్కడ తుప్పు పట్టిస్తుంది, వేడెక్కితే ముందుగా మరుగుతుంది. ఏళ్ల తరబడి నిలవుండే వాహనాల కోసం అమెరికా సైన్యం 1980లలో సిలికాన్‌కు మారింది, దాని అవసరం వేరు. చాలా ఏళ్లు డాట్ 5 వాడిన హార్లీ-డేవిడ్సన్ 2000 దశకం మధ్యలో డాట్ 4కు వచ్చింది. మూత మీద ఏ అంకె ఉంటే అదే పోయాలి.

ఇక బ్లీడింగ్, అంటే లైనులోని గాలి తీయడం. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొందరు దీన్ని నేర్చుకునేది బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీ పుణ్యమా అనే. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైన ఈ పోటీలో జట్లు సొంతంగా ఏటీవీ కట్టుకొస్తాయి. బ్రేక్ పరీక్షలో పరుగెత్తుతున్న బండికి నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుని ఆగాలి. అది దాటకపోతే మైదానంలోకి పోనివ్వరు. అందుకే బయల్దేరే ముందు రోజుల్లో కాలేజీ వర్క్‌షాపుల్లో అర్ధరాత్రి దాటినా పెడల్ దగ్గర ఒకరు, చక్రం దగ్గర ఒకరు ‘నొక్కు... పట్టుకో... వదులు’ అని అరుచుకుంటూనే ఉంటారు. సీసా మీద సీసా ఖాళీ అవుతుంది. పెడల్ మాత్రం మెత్తగానే ఉంటుంది.

అలాంటప్పుడు చాలాసార్లు దోషం ఫ్లూయిడ్‌ది కాదు, క్యాలిపర్ మీద గాలిని బయటికి వదిలే నిప్పల్‌ది. స్థలం చాలదని క్యాలిపర్‌ను తలకిందులుగానో, ఎడమది కుడికి మార్చో బిగిస్తారు. నిప్పల్ కిందికి పోతుంది. గాలి పైకి పోయే గుణమున్నది, నిప్పల్ కిందుంటే పైమూలలో బుడగ నవ్వుతూ కూర్చుంటుంది. క్యాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య తగిన చెక్కముక్క పెట్టి, నిప్పల్ పైకొచ్చేలా చేత్తో పట్టుకుని బ్లీడ్ చేస్తే ఐదు నిమిషాల పని. చెక్కముక్క మరిస్తే పిస్టన్ బయటికొచ్చి ఒళ్లో పడుతుంది.

లివర్‌ను టకటకా కొడితే గాలి త్వరగా పోతుందనేది మరో నమ్మకం. పెద్ద బుడగ చితికి నురగవుతుందంతే. నింపాదిగా నొక్కి పట్టుకోవాలి, 8 నంబర్ పానాతో నిప్పల్‌ను పావు తిప్పు విప్పాలి, బిగించాకే లివర్ వదలాలి. బిగించకముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది. పై డబ్బా ఎండిపోకుండా ఒక కన్ను అక్కడే ఉంచాలి.

వాక్యూమ్ పంపు వాడేవాళ్లను ఇంకో మాయ పట్టుకుంటుంది. పారదర్శకపు ట్యూబులో బుడగలు ఎంతసేపటికీ ఆగవు. అవి లైనులోవి కాకపోవచ్చు, వదులైన నిప్పల్ మరల సందుల్లోంచి పంపు లాక్కుంటున్న బయటి గాలి కావచ్చు.

రాత్రంతా లివర్‌ను తాడుతో కట్టి ఉంచే చిట్కా ఉత్తదేమీ కాదు, చిన్న బుడగలకు కొంత పని చేస్తుంది. కానీ దానివల్ల పాత ఫ్లూయిడ్ కొత్తదైపోదు. ‘దూరపు చక్రం ముందు’ అన్నదీ అన్ని బళ్లకూ చెల్లే సూత్రం కాదు. బాహా నిబంధనల ప్రకారం బండికి రెండు విడి సర్క్యూట్లు ఉండాలి, ఒకదాని గాలితో రెండోదానికి సంబంధం లేదు. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ వంటి బళ్లలో ఎడమచేతి లివర్ ఒక్కటే నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది, ఏ మూల గాలి ఉన్నా ఆ ఒక్క లివరే మెత్తబడుతుంది. వరస తేల్చాల్సింది ఆ బండి మాన్యువలే.

అన్నీ అయ్యాక ట్యాంకు మీదో మడ్‌గార్డు మీదో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అలవాటు కొద్దీ నూనె గుడ్డతో తుడిచేస్తారు. తెల్లారేసరికి అక్కడ పెయింటు లేచిపోయి ఉంటుంది. నూనె కాదు గనకనే దీనికి మందు కూడా నూనె మరకకు వేసేది కాదు. పని మొదలుపెట్టేటప్పుడే పక్కన బకెట్టూ మగ్గూ పెట్టుకుని, చుక్క పడ్డ మరుక్షణం ధారగా నీళ్లు పోస్తే కరిగి కొట్టుకుపోతుంది.