ఇంటర్ చాలు... నల్లకోటు దారి పట్టవచ్చు

ఓపిక వున్న పిల్లలకు అయిదేళ్ల లా కోర్సు

కర్నూలు : గట్టు తగాదా, పాసుపుస్తకంలో తప్పు పడిన సర్వే నంబరు, అన్నదమ్ముల పంపకాలు, మొలకెత్తని విత్తనాలు... పల్లె మనిషిని కోర్టు మెట్లెక్కించే కారణాలు చాలావరకు ఇవే. ఎక్కిన తరువాత ప్లీడరు చూపిన చోట సంతకమో, వేలిముద్రో వేయడమే గాని ఆ కాగితంలో ఏముందో తెలియదు. వాయిదా వాయిదాకూ బస్సుచార్జీ, పోయిన కూలి మాత్రం బాగా తెలుస్తాయి. ఆ కాగితం చదివి చెప్పగల పిల్ల వూళ్లోనే వుంటే ఎంత ధైర్యం!

అందుకు డిగ్రీ అయ్యేదాకా ఆగనక్కరలేదు. లా అంటే బి.ఏ. తరువాత చదివేదన్న అభిప్రాయం పల్లెల్లో ఇంకా పోలేదు. డిగ్రీ వున్నవారికి మూడేళ్ల ఎల్.ఎల్.బి. ఇప్పటికీ వుంది. కాని ఇంటర్‌తో నేరుగా చేరే అయిదేళ్ల కోర్సు కూడా వుంది. బెంగళూరులో 1987లో ఏర్పడిన నేషనల్ లా స్కూలుతో ఈ పద్ధతికి దేశమంతటా పేరు వచ్చింది. డిగ్రీ మూడేళ్లు, లా మూడేళ్లు కలిపితే ఆరేళ్లు. ఇందులో రెండూ అయిదేళ్లలో పూర్తవుతాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఫరవాలేదు.

రెండు పరీక్షలు

రాష్ట్రంలోని లా కాలేజీల్లో చేరడానికి లాసెట్ రాయాలి. గంటన్నరలో 120 ప్రశ్నలు. సగం జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు. మిగతా సగం లా చదవడానికి తగిన ఆలోచన వుందో లేదో చూసేవి. ప్రశ్నపత్రం తెలుగులోనూ వుంటుంది. నూటికి 35 మార్కులు వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. ఇంటర్‌లో మాత్రం ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు వుండాలి.

హైదరాబాదులోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్ రాయాలి. ఇది ఇంగ్లీషులోనే వుంటుంది, పోటీ తీవ్రం. ఫీజులూ ఎక్కువే.

చేరేముందు కాలేజీకి బార్ కౌన్సిల్ గుర్తింపు వుందో లేదో విచారించుకోవడం ముఖ్యం. కరస్పాండెన్స్‌లో చదివిన లా ప్రాక్టీసుకు పనికిరాదు.

అసలు ఇబ్బంది ఇంగ్లీషు

రాజ్యాంగం, కాంట్రాక్టులు, ఆస్తి చట్టాలు, సాక్ష్యం, సివిల్ విచారణ పద్ధతి... పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనే దొరుకుతాయి. హైకోర్టు, సుప్రీంకోర్టుల వ్యవహారమూ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది తడబడేది ఇక్కడే. రోజుకు ఒక పేజీ అర్థం చేసుకుంటూ చదివేవారు నిలదొక్కుకుంటారు. గైడ్లు బట్టీ పట్టినవారు పరీక్ష పాసయినా కోర్టులో నిలవలేరు. అయితే కింది కోర్టులో సాక్షి చెప్పేది తెలుగులోనే. బోదె ఎక్కడుందో, కౌలు మాట ఎట్లా కుదిరిందో పొలం చూసిన పిల్లకు వేరే చెప్పనక్కరలేదు.

చట్టాలు మారుతుంటాయి కూడా. భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత పుస్తకం చౌకగా దొరికిందని కొంటే నష్టం.

పట్టా చేతికి వచ్చాక

ఇల్లు గడవాలన్న తొందర వున్నవారు ముందే ఆలోచించుకోవలసింది ఇది. అయిదేళ్లూ చదివిన వెంటనే జీతం రాదు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. చట్టంలో వున్న 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీల వద్ద 125కు మించి నమోదు రుసుము వసూలు చేయరాదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత అఖిల భారత బార్ పరీక్ష పాసవ్వాలి. ఆపైన ఒక సీనియరు దగ్గర జూనియరుగా కట్టలు మోస్తూ పని నేర్చుకోవాలి. ఆ రోజుల్లో వచ్చేది చాలా స్వల్పం. జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి కూడా మూడేళ్ల ప్రాక్టీసు వుండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇంటర్ తరువాత ఎనిమిదేళ్లు ఇల్లు ఓపిక పట్టాలి. అప్పు చేసి చదివించదలచినవారు అయిదేళ్ల ఫీజు ఒక్కటే కాక ఈ మూడేళ్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

పెద్దపాడు చూపిన దారి

అయినా ఈ దారిన నడిచినవారు లేకపోలేదు. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.వి. రమణ 1983లో న్యాయవాదిగా నమోదై, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంత దూరం పోనక్కరలేదు. సబ్బవరం విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ సంజీవయ్యది కర్నూలు పక్కనున్న పెద్దపాడే. నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, డిగ్రీ అయ్యాక మద్రాసు వెళ్లి లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు.

అందరూ అంతవారు కాకపోవచ్చు. వాయిదా నాడు అయినవాళ్ల కాగితం చదివి, ఇందులో ఇది వుంది, ఇక్కడ సంతకం చెయ్యి, అక్కడ చెయ్యకు అని చెప్పగలిగితే ఆ వూరికి అదే పదివేలు.