కలెక్టరేట్ లేని నెట్‌వర్క్‌కు కాపలా ఎవరు? పీర్ టు పీర్‌పై దాడులను ఎలా ఆపుతారంటే..

రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఎక్కడుంది అంటే కొంగరకలాన్ అని ఎవరైనా చెప్పేస్తారు. ఏ రికార్డు కావాలన్నా అక్కడికే వెళ్లాలి, తేడా వస్తే అక్కడే అడగాలి. కానీ అలాంటి ఆఫీసే లేని నెట్‌వర్క్‌లు కూడా ఉన్నాయి. టోరెంట్, బిట్‌కాయిన్ అలాంటివే. వీటినే పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లు అంటారు. మెయిన్ సర్వర్ ఉండదు. వేల కంప్యూటర్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మరి అందులోకి దొంగ చొరబడితే?

దొంగ ఓట్ల దాడి

ఒక్కడే వేల ఫేక్ ఐడీలతో చేరి మెజారిటీ తనదే అనిపిస్తాడు. దీని పేరు సిబిల్ అటాక్. ఐడీలను చెక్ చేసే అథారిటీ లేకపోతే దీన్ని పూర్తిగా ఆపడం దాదాపు అసాధ్యమని 2002లోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన జాన్ డౌసర్ చెప్పారు. అందుకే బిట్‌కాయిన్ తలలను లెక్కపెట్టదు, కంప్యూటర్ పవర్‌ను లెక్కపెడుతుంది. ఫేక్ ఐడీలు ఫ్రీ.. కరెంటు బిల్లు కాదుగా!

అయితే నెట్‌వర్క్ చిన్నదైతే సగానికి పైగా పవర్‌ను అద్దెకు తెచ్చుకోవచ్చు. ఎథీరియం క్లాసిక్‌పై 2020లో నెల రోజుల వ్యవధిలోనే మూడుసార్లు ఇలాంటి దాడులు జరిగాయి. ఒకసారి ఖర్చు చేసిన కాయిన్లనే మళ్లీ వాడేశారు.

చుట్టుముట్టే దాడి

మీ కంప్యూటర్ చుట్టూ దొంగ కంప్యూటర్లే చేరితే వాళ్లు చెప్పిందే మీకు నిజం అవుతుంది. ఇది ఎక్లిప్స్ అటాక్. బిట్‌కాయిన్‌లోనూ ఇది సాధ్యమేనని 2015లో రీసెర్చర్లు చూపించారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేశారు. కనెక్షన్లన్నీ ఒకే గుంపు ఐపీ అడ్రస్‌ల నుంచి కాకుండా వేర్వేరు నెట్‌వర్క్‌ల నుంచి తీసుకుంటారు.

కల్తీ డేటా

టోరెంట్‌లో ప్రతి ముక్కకూ హ్యాష్ అనే డిజిటల్ వేలిముద్ర ఉంటుంది. మ్యాచ్ కాకపోతే ఆ ముక్కను పక్కన పడేస్తుంది. కానీ ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అప్‌లోడ్ చేసినవాడే వైరస్ పెడితే? హ్యాష్ పక్కాగా మ్యాచ్ అవుతుంది, వైరస్ కూడా పక్కాగా దిగుతుంది!

మరి మనం ఏం చేయాలి?

- కొత్త సినిమా పేరుతో టోరెంట్ కనిపిస్తే డౌన్‌లోడ్ చేయొద్దు. పైరసీ నేరం, పైగా మీ ఐపీ అడ్రస్ అందులో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది.
- క్రిప్టోలో పేమెంట్ వస్తే తగినన్ని కన్ఫర్మేషన్లు పడేదాకా ఆగండి.
- వ్యాలెట్ యాప్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి.

ఎందుకంటే ఇక్కడ డబ్బు పోతే కంప్లైంట్ తీసుకునే కలెక్టరేట్ ఆ నెట్‌వర్క్‌లో ఉండదు.