పాత పికప్‌కు కొత్త కాళ్లు

పెద్ద ఆల్ టెరైన్ టైర్లతో బండి రూపు మారుతుంది. గేర్ల తీరు, బ్రేకుల పని, స్పీడోమీటర్ లెక్క కూడా మారతాయి. ఎంతవరకు పెంచవచ్చన్నదే అసలు ప్రశ్న

టైర్ల దుకాణాల్లో వేలాడే పోస్టర్లలో పికప్ బండ్లు ఎప్పుడూ బురదలోనో, ఇసుక తిన్నెల మీదో, వాగు మధ్యలోనో ఉంటాయి. వాటిని చూసి టైర్లు కొనే యజమాని బండి మాత్రం వారంలో ఆరు రోజులు తారు రోడ్డు మీద, ఏడో రోజు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. సైజు ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది పోస్టర్‌నే. ఖర్చు మొదలయ్యేదీ అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ఇసుజు కర్మాగారం ప్రారంభమైంది. అదే ఏడాది అక్కడి నుంచి డీ-మ్యాక్స్ వీ-క్రాస్ వచ్చింది. నాలుగు తలుపులు, వెనక తొట్టె, ఫోర్ వీల్ డ్రైవ్. అప్పటిదాకా పికప్ అంటే కూరగాయల బస్తాలు మోసే బండి అనుకున్న మధ్యతరగతికి అది కుటుంబంతో లడఖ్ వెళ్లే వాహనంగా కనిపించింది. దాని 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనల రాకతో తెరమరుగైంది. 2021లో బీఎస్-6 రూపంలో వచ్చిన వీ-క్రాస్‌కు 1.9 లీటర్ల ఇంజన్ అమర్చారు. తొలినాటి బండ్లు ఇప్పుడు పాతబడ్డాయి. కంపెనీ ఇచ్చిన టైర్లు ఎప్పుడో అరిగిపోయాయి. కొందరు రెండో సెట్టు కూడా అరగదీశారు. కొత్తవి వేయించే ప్రతిసారీ యజమానికి అదే కోరిక: ఈసారి కాస్త పెద్దవి వేస్తే?

లెక్క ఇలా ఉంటుంది
టైరు పక్కన రాసి ఉండే 245/70 ఆర్16 అనే అంకెల్లోనే జవాబు సగం ఉంది. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతమని. 16 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. లెక్క కడితే ఈ టైరు మొత్తం ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు. తొలి వీ-క్రాస్‌కు సరిపోయే సైజు ఇదే.

దాని బదులు 265/70 ఆర్16 వేస్తే ఎత్తు 777 మిల్లీమీటర్లవుతుంది. 265/75 ఆర్16 అయితే 804. మొదటిది 3.7 శాతం, రెండోది 7.3 శాతం పెద్దది. దుకాణంలో పక్కపక్కన నిలబెడితే మూడో టైరు భారీగా కనిపిస్తుంది. బండి కింద నేలకూ యాక్సిల్‌కూ మధ్య పెరిగే ఖాళీ మాత్రం ఆ తేడాలో సగమే. మొదటి మార్పుతో 14 మిల్లీమీటర్లు, రెండో మార్పుతో 27. అంటే అంత ఖర్చు పెట్టాక బండి లేచేది అంగుళానికి అటూఇటూ.

పోగొట్టుకునే లెక్క వేరే ఉంది. చక్రం పెద్దదైతే ఒక చుట్టుకు బండి ఎక్కువ దూరం వెళుతుంది. స్పీడోమీటర్‌కు ఆ సంగతి తెలియదు. 265/75 టైర్లు వేసిన బండిలో ముల్లు 100 దగ్గరున్నప్పుడు పాత టైర్లతో పోలిస్తే వేగం 7 కిలోమీటర్లు ఎక్కువ. స్పీడోమీటర్ అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపవచ్చుగానీ తక్కువ చూపరాదన్నది ప్రమాణాల సూత్రం. ఏడు శాతం తేడా ఆ సూత్రాన్ని తలకిందులు చేయగలదు. మీటరు 10,000 కిలోమీటర్లు చూపేసరికి బండి సుమారు 10,700 తిరిగి ఉంటుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందనే ఫిర్యాదులో కొంత నిజం, కొంత ఈ మీటరు చేసే మోసం. బరువూ రాపిడీ పెరిగినందువల్ల డీజిల్ నిజంగానే ఎక్కువ తాగుతుంది. తిరిగిన దూరం తక్కువగా నమోదు కావడంతో ఆ నష్టం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

గేరుకు భారం, బ్రేకుకు పరీక్ష
పెద్ద టైరు వేయడమంటే ప్రతి గేరునూ కొద్దిగా పొడిగించడమే. చక్రం దగ్గర లాగే బలం 265/70తో సుమారు మూడున్నర శాతం, 265/75తో దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. చదును రోడ్డు మీద ఈ తేడా తెలియకపోవచ్చు. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కుతూ, తొట్టె నిండా సామానుతో హెయిర్‌పిన్ మలుపులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు తెలుస్తుంది. అక్కడ డ్రైవర్ కాలు క్లచ్ మీద ఎక్కువసేపు ఉంటుంది. లక్ష కిలోమీటర్లు దాటిన క్లచ్ ప్లేటుకు అది మంచిది కాదు.

దిగేటప్పుడు సమస్య ఇంకా పెద్దది. చక్రం వ్యాసం పెరిగిన కొద్దీ దాన్ని ఆపడానికి బ్రేకు మరింత శ్రమించాలి. దానికి టైరు బరువు తోడవుతుంది. గట్టి నిర్మాణం గల ఎల్‌టీ రకం ఆల్ టెరైన్ టైరు మామూలు టైరు కంటే నాలుగైదు కిలోలు ఎక్కువ తూగడం సాధారణం. ఆ బరువు తిరిగే చక్రం అంచున ఉంటుంది కాబట్టి కదిలించడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. పైగా రాళ్లకు తట్టుకునేలా తయారైన రబ్బరు, ఎడం ఎడంగా ఉండే గాడులు తడి తారు రోడ్డు మీద హైవే టైరంత పట్టు ఇవ్వకపోవచ్చు. వాన పడుతున్న ఘాట్‌లో ముందు బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు, పోస్టర్‌లోని బురద దృశ్యం కంటే ఈ కొద్ది మీటర్ల తేడాయే ముఖ్యం.

అందుకే అనుభవమున్న మెకానిక్కులు పాత బండిలో టైర్ల కంటే ముందు వేరే చోట చూస్తారు. బ్రేకు ప్యాడ్లు, వెనక డ్రమ్ములు, వీల్ బేరింగులు, ముందు బాల్ జాయింట్లు, బుష్‌లు, వెనక కమాన్లు. వీటిలో ఏది వదులైనా కొత్త టైరు అడ్డదిడ్డంగా అరుగుతుంది. ఐదు టైర్ల ఖర్చు తేలిగ్గా అర లక్ష దాటే రోజుల్లో అలైన్‌మెంట్ తప్పిన బండికి కొత్త టైర్లు వేయడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

ఐదో టైరు సంగతి
టైర్లు నాలుగే అనుకుని బేరమాడేవారు స్టెప్నీని మరచిపోతారు. పికప్‌లో అది తొట్టె కింద వేలాడుతుంది. పెద్ద టైరు ఆ చోట పట్టకపోవచ్చు. పాత సైజు స్టెప్నీనే ఉంచితే చిక్కు మరో రకం. అవసరమైనప్పుడు మాత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకునే ఇలాంటి బండ్లలో ముందు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాలి. సైజు కలవని టైరుతో గట్టి నేల మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే గేర్లు, షాఫ్టుల మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బాగా అవసరమైన కొండదారిలోనే, పంక్చర్ అయిన రోజే, అది పనికి రాకుండా పోవచ్చు.

కొత్త టైరు మడ్‌ఫ్లాప్‌కో, లోపలి ప్లాస్టిక్‌కో తగులుతుందేమో కూడా చూడాలి. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని గట్టు మీదకు ఎక్కించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఒక టైరు అమర్చి ఈ పరీక్ష చేశాకే మిగతా వాటికి డబ్బు కట్టడం మంచిది. 265/75లో ఈ రాపిడికి అవకాశం ఎక్కువ. దాన్ని తప్పించడానికి బండిని పైకి లేపే కిట్లు, రిమ్‌ను బయటకు నెట్టే స్పేసర్లు వేస్తారు. ఒక మార్పు ఇంకో మార్పును అడుగుతూ పోతుంది.

ఆర్సీలో లేని మార్పు
చట్టం ఈ విషయంలో ఉదారంగా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో చేరిన 182-ఎ సెక్షన్ అనుమతి లేని మార్పులకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. కంపెనీ ఆ మోడల్‌కు ఆమోదించిన సైజుల్లో ఉంటే చిక్కు లేదు. అది దాటినప్పుడు రోడ్డు మీద పోలీసు ఆపకపోవచ్చు. ప్రమాదం జరిగిన తర్వాత బీమా సర్వేయర్ చేతిలో టేపు ఉంటుంది.

టైరు ఎంపికలోనూ ఇలాంటి గీతలున్నాయి. బండి మీద రాసిన లోడ్ ఇండెక్స్ కంటే తక్కువది వేయకూడదు. 107 అంటే ఒక్కో టైరు 975 కిలోలు, 111 అంటే 1,090 కిలోలు మోయగలదని అర్థం. పక్కనే ఉండే అక్షరం వేగానికి గుర్తు: క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, టీ అంటే 190. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు గాడులు కొత్తగానే కనిపిస్తాయిగానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. నిబంధనల ప్రకారం గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు మార్చాల్సిందే. బురద కోసం కొన్న టైరు అంతకు చాలా ముందే బురదలో పట్టు కోల్పోతుంది.

2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి ఎంపిక చేసుకునేవారి దృష్టి దేశీయ తయారీ మీదకు మళ్లింది. అదే ఏడాది శ్రీసిటీకి దగ్గర్లోని చిన్నపాండూరులో అపోలో కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆల్ టెరైన్ గాడులతో టైర్లు అమ్మే దేశీయ కంపెనీలు ఇప్పుడు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. కాబట్టి కంపెనీ సైజులోనే ఆల్ టెరైన్ రకం దొరుకుతుందా అని దుకాణంలో ముందుగా అడగాలి.

నేలను బట్టి టైరు
అన్ని నేలలకూ పనికొచ్చే టైరు అనే పేరు కూడా కొంత అతిశయోక్తే. కంకర, రాళ్లు, ఎర్రమట్టి దారులు, తడి గడ్డి... వీటి మీద ఆల్ టెరైన్ టైరు నిజంగా ఉపయోగపడుతుంది. గట్టి పక్క గోడ రాయి కోతను తట్టుకుంటుంది. రాయలసీమలోనో, పశ్చిమ తెలంగాణలోనో వాన వెలిసిన మర్నాడు నల్లరేగడి చేలోకి దిగితే కథ వేరు. బంక మట్టి గాడుల్లో నిండిపోయి రెండు చుట్లకే టైరు నున్నగా తయారవుతుంది. అక్కడ టైరు సైజు పెంచడం కంటే ఒక పూట ఆగడమే మేలు.

ఇసుకలో మందు ఇంకోటి ఉంది, అది దాదాపు ఉచితం. రోడ్డు మీద 33-35 పీఎస్ఐ ఉండే గాలిని 18-20కి తగ్గిస్తే టైరు నేలను ఎక్కువ పొడవునా ఆనుకుంటుంది. నుబ్రా లోయ ఇసుకైనా, కచ్ ఇసుకైనా అంగుళం ఎత్తు ఇవ్వలేని పట్టు ఇది ఇస్తుంది. నెమ్మదిగా నడపాలి, గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి. అందుకు బ్యాటరీతో నడిచే చిన్న పంపు, ఒక ప్రెషర్ గేజ్ చాలు.

చరిత్ర కూడా వెడల్పు పక్షాన లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడారుల్లోనూ అడవుల్లోనూ తిరిగిన విల్లీస్ జీపుకు వేసింది 6.00-16 టైరు. అంటే ఆరంగుళాల వెడల్పు, సుమారు 152 మిల్లీమీటర్లు. ఇప్పటి పికప్‌కు కంపెనీ ఇచ్చే టైరు దానికంటే 90 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు. ఆ జీపును నడిపించింది తక్కువ బరువు, తక్కువ గేరు, డ్రైవర్ ఓపిక.

దారులు కూడా అప్పటిలా లేవు. గ్రామ్ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలయ్యాక వేల పల్లెలకు తారు రోడ్డు చేరింది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక మనాలి నుంచి లాహౌల్‌కు వెళ్లేవారికి రోహ్‌తంగ్ బురద దాటాల్సిన పని తప్పింది. 19,024 అడుగుల ఎత్తున ఉన్న ఉమ్లింగ్ లా మీదుగా సరిహద్దు రోడ్ల సంస్థ 2021లో తారు రోడ్డు వేసింది. మామూలు టైర్లతో ఎక్కడికి వెళ్లవచ్చన్న జాబితా పెరుగుతున్న కాలంలో పెద్ద టైర్ల అవసరం నిజానికి తగ్గాలి.

కాఫీ తోటల్లోనో, గనుల దారుల్లోనో, ఏజెన్సీ గ్రామాల్లోనో నెలలో సగం రోజులు బండి నడిపేవారికి ఆల్ టెరైన్ టైరు విలాసం కాదు. వారికి కూడా ముందు కంపెనీ సైజు చూడటం, సరిపోకపోతే తయారీదారు ఆమోదించిన సైజుల్లో ఒక్క మెట్టు పైకి వెళ్లడం క్షేమం. మూడు నాలుగు శాతం తేడా వరకు పాత ఇంజన్, పాత క్లచ్ సర్దుకుంటాయి. ఏడు శాతం దగ్గర బ్రేకులు, గేర్లు, కమాన్లు, కాగితాలు అన్నీ మార్చాలన్న ఒత్తిడి మొదలవుతుంది. ఏడాదికి ఒకసారి కొండలకు వెళ్లేవారికి మంచి టైరు, సరైన గాలి, పనిచేసే స్టెప్నీ చాలు.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కంపెనీ అంటించిన స్టిక్కర్ ఉంటుంది. టైరు సైజు, కొట్టాల్సిన గాలి దాని మీదే ఉంటాయి. పాత బండ్లలో అది దుమ్ము పట్టి ఉంటుంది. దుకాణానికి వెళ్లే ముందు తడి గుడ్డతో ఒకసారి తుడిచి చూస్తే, బేరం ఎక్కడ మొదలు పెట్టాలో తెలుస్తుంది.