యాడ్ మీద క్లిక్ పడితే సైట్ ఓనర్‌కి డబ్బులెలా వస్తాయి?

"మీ రివ్యూల పక్కన కనిపించే యాడ్స్‌తో మీకు డబ్బులెలా వస్తాయి?" అని చాలామంది నన్ను అడుగుతుంటారు. సింపుల్‌గా చెప్తాను.

ఫోన్ కవర్లు అమ్మే ఒక కంపెనీ ఉందనుకోండి. తన యాడ్ మీద పడే ఒక్కో క్లిక్‌కి గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో గూగుల్ యాడ్స్‌లో ముందే సెట్ చేసుకుంటుంది. మీరు పేజీ ఓపెన్ చేసిన క్షణంలోనే ఇలాంటి కంపెనీల మధ్య వేలం జరిగిపోతుంది. గెలిచిన యాడ్ మీకు కనిపిస్తుంది. మీరు క్లిక్ చేస్తే ఆ కంపెనీకి డబ్బు కట్ అవుతుంది. గూగుల్ తన వాటా ఉంచుకుని మిగతాది సైట్ ఓనర్‌కి ఇస్తుంది.

2003లో మొదలైన యాడ్‌సెన్స్ చాలా ఏళ్లు ప్రధానంగా క్లిక్‌ల లెక్కనే చెల్లించింది. 2024లో యాడ్ కనిపించిన లెక్కకు మారింది. అయినా కంపెనీలు ఇప్పటికీ క్లిక్‌కే బిడ్ వేయొచ్చు కాబట్టి, నిజమైన క్లిక్‌లు వచ్చే పేజీకే మంచి ధర పలుకుతుంది. బ్యాలెన్స్ 100 డాలర్లకు చేరేదాకా మాత్రం చేతికి పైసా రాదు.

సొంత సైట్ పెట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: మీ యాడ్స్ మీరు నొక్కకండి, వాట్సాప్ గ్రూపుల్లో ఫ్రెండ్స్‌ని నొక్కమని అడగకండి. గూగుల్ వాటిని చెల్లని క్లిక్‌లుగా లెక్కేసి అకౌంటే మూసేయొచ్చు. నెలల తరబడి కూడిన డబ్బూ పోవచ్చు. అందుకే, మొహమాటానికి నా యాడ్స్ కూడా నొక్కొద్దు. నిజంగా అవసరమైతేనే నొక్కండి!