కలంకారీ అచ్చులు – పట్టుతెర ముద్రలు

ఒకే చిత్రాన్ని పలుమార్లు ముద్రించడానికి మానవుడు కనుగొన్న మార్గాలు అనేకం. వాటిలో రెండింటిని పరిశీలిద్దాం. బొమ్మను చెక్కపై చెక్కి, దానిని రంగులో అద్ది గుడ్డపై వేయడం ఒకటి. బొమ్మ ఆకారం మేరకే రంగు దిగేట్లు సిద్ధపరచిన సన్నని తెర గుండా రంగును నెట్టడం మరొకటి. మొదటి దానికి కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, దాని చేరువలోని పెడన ప్రసిద్ధి పొందాయి. రెండవదానిని సిల్కుస్క్రీన్ ముద్రణ అంటారు.

కలంకారీ అనే మాట పారశీక భాష నుండి వచ్చింది. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో కళాకారులు నేటికీ కలంతోనే చిత్రిస్తారు. మచిలీపట్నంలో మాత్రం చెక్క అచ్చులదే ప్రాధాన్యం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం గొప్ప రేవుపట్టణం. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు పర్షియాకు, ఐరోపాకు తరలివెళ్ళాయి. వాటి ఆదరణకు స్వదేశీ నేతగాళ్ళు బెదిరిపోగా, ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ వాటిని నిషేధిస్తూ శాసనాలు చేశాయి.

ఈ అద్దకంలో రంగు అచ్చుతోపాటే పుట్టదు. ముందుగా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగు చెదరకుండా కాపాడుతుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరవేసి చేసిన ద్రావణం కరక్కాయతో కలిసి నలుపవుతుంది. ఎరుపు కోసం పటికతో ముద్ర వేస్తారు. పటికకు తనదైన రంగు లేదు. గుడ్డను చిరువేరు వంటి ద్రవ్యాలతో ఉడికించినప్పుడే పటిక పడినచోట ఎరుపు వికసిస్తుంది. అదనంగా ఉన్న పటిక పారే నీటిలో కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో ఉతికితే అది తక్కిన గుడ్డకు అంటుకుంటుంది. అందువలన కాలువ నీరు కూడా ఈ కళకు ఒక పనిముట్టే.

సిల్కుస్క్రీన్ పద్ధతిలో చట్రానికి బిగించిన పట్టు లేక నైలాను తెరపై అక్కరలేని భాగాలను మూసివేస్తారు. రబ్బరు పలకతో రంగును లాగగానే తెరిచి ఉన్న భాగం నుండి అది దిగువకు దిగుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర కావాలి. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962 నుండి దీనిని కళాసాధనంగా మలచుకొన్నాడు. మోటారు కారు పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా 1986లో రేసు కార్లతో సహా పలు కార్లను ఈ పద్ధతిలోనే చిత్రించాడు. సాధారణంగా ఇటువంటి చిత్రాలను పరిమిత సంఖ్యలో ముద్రించి, ప్రతిదానిపై వరుస సంఖ్యను, మొత్తం ప్రతుల సంఖ్యను రాసి సంతకం చేస్తారు. ఆ సంఖ్య కొనుగోలుదారుకు కళాకారుడిచ్చే మాట. అంతకు మించి ముద్రిస్తే మాట తప్పినట్లే.

కలంకారీకి వరుస సంఖ్య లేదు. అయినా చేతి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు, అచ్చుల అతుకులు ప్రతి గుడ్డనూ వేరుచేస్తాయి. నేడు ఇవే నమూనాలను తెరలతో, రసాయన రంగులతో వేగంగా ముద్రించి తక్కువ ధరకు అమ్ముతున్నారు. తెర ముద్రణ తప్పు కాదు. దానిని కలంకారీ అని చెప్పి అమ్మడమే తప్పు. ఆ పేరు అరువు పోయినప్పుడు, అచ్చు చెక్కేవారి, అద్దేవారి, ఉతికేవారి కూలి కూడా పోతుంది. ఈ నష్టాన్ని అరికట్టడానికే మచిలీపట్నం కలంకారీకి చట్టం భౌగోళిక గుర్తింపునిచ్చింది. అయితే చట్టం పేరును కాపాడగలదే గాని, చేతులను కాపాడలేదు. ఆ గుడ్డ ఎలా తయారైందో అడిగి తెలుసుకొని, దాని శ్రమకు తగిన వెల చెల్లించే కొనుగోలుదారే ఆ పని చేయగలడు.